ఇంటిపేరు తెలుసు, గోత్రం తెలుసు... ఇంటి గుండె సంగతి తెలుసా?

2025 జూన్ ఆఖరులో, జూలై మొదట్లో మైసూరు, బెంగళూరుల్లోని జయదేవ హృద్రోగ ఆసుపత్రుల ముందు జనం బారులు తీరారు. హాసన్ జిల్లాలో నెలా పది రోజుల్లో ఇరవై మందికి పైగా గుండెపోటుతో చనిపోయారని, వారిలో పడుచువాళ్లు కూడా ఉన్నారని వార్తలు రావడంతో పుట్టిన భయం అది. వచ్చినవాళ్లలో చాలామందికి ఏ నొప్పీ లేదు. ఒక్క ఈసీజీ తీయించుకుని, అంతా బాగుందనిపించుకుని ఇంటికి వెళ్లాలన్నదే వాళ్ల ఆరాటం.

కర్ణాటక ప్రభుత్వం ఆ మరణాలపై జయదేవ సంస్థ వైద్యులతో విచారణ జరిపించింది. 24 మరణాలను పరిశీలించిన కమిటీ, హాసన్‌లో గుండె జబ్బులు ఉన్నట్టుండి పెరిగిపోయాయనడానికి ఆధారం లేదని తేల్చింది. మృతుల్లో ఆటో, క్యాబ్ డ్రైవర్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారని కూడా గమనించింది. పొగాకు, మద్యం, బీపీ, షుగర్, ఊబకాయం, కుటుంబంలో అంతకుముందే గుండె జబ్బు ఉండటం వంటి పాత కారణాలే మళ్లీ కనిపించాయి.

అంటే హాసన్‌లో కొత్త జబ్బేమీ రాలేదు. ఎప్పటినుంచో మన మధ్య ఉన్నదే ఒక్కసారిగా వార్తల్లోకి ఎక్కింది. 2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయినప్పుడు ఇదే భయం కలిగింది. 2023 జనవరిలో కుప్పంలో కుప్పకూలిన నందమూరి తారకరత్న బెంగళూరు ఆసుపత్రిలో 23 రోజులు పోరాడి, 40 నిండకుండానే కన్నుమూసినప్పుడూ అంతే. ప్రతిసారీ భయపడుతున్నాం, నాలుగు రోజులు మాట్లాడుకుంటున్నాం, మరిచిపోతున్నాం. ఈసారి భయాన్ని పక్కనబెట్టి, అసలు సంగతి ఏమిటో నిదానంగా తెలుసుకుందాం.

ఈసీజీ చెప్పేది, చెప్పనిది

ఈసీజీ అంటే గుండెలో ఆ నిమిషాన నడుస్తున్న విద్యుత్తుకు తీసిన ఫొటో వంటిది. గుండెపోటు జరుగుతున్నప్పుడు, లేదా అంతకుముందు జరిగి మచ్చ మిగిలినప్పుడు అది చూపగలదు. గుండె లయ తప్పితే పట్టుకోగలదు. కానీ రక్తనాళం లోపలి గోడలో కొవ్వు పేరుకుంటోందా లేదా అన్నది మామూలు ఈసీజీలో కనబడదు. ఈరోజు ఈసీజీ బాగున్న మనిషికి నెల తిరక్కుండా గుండెపోటు రావచ్చు.

ట్రెడ్‌మిల్ పరీక్ష సైతం అన్నీ పట్టలేదు. నాళం బాగా సన్నబడి, పరుగెత్తినప్పుడు రక్తం చాలనప్పుడే అందులో తేడా తెలుస్తుంది. చిన్న వయసులో వచ్చే గుండెపోట్లలో చాలావరకు కథ వేరుగా ఉంటుంది. నాళంలో 30, 40 శాతమే అడ్డుగా ఉన్న కొవ్వు పొర ఒకరోజు చిట్లుతుంది. చిట్లిన చోట, గాయం మీద కట్టినట్టే, రక్తం గడ్డ కడుతుంది. నిమిషాల్లో నాళం పూర్తిగా మూసుకుపోతుంది. నెమ్మదిగా మూసుకుపోయే నాళానికి పక్కదారులు ఏర్పడే వ్యవధి ఉంటుంది కాబట్టి పెద్ద వయసువారి గుండె కొంత తట్టుకోవచ్చు. పడుచువాడి గుండెకు ఆ వ్యవధి దొరకదు. నిన్నటిదాకా క్రికెట్ ఆడిన మనిషి ఈరోజు లేకుండా పోవడం వెనక ఉన్నది ఎక్కువగా ఇదే.

ఇరవైల్లో మొదలై నలభైల్లో బయటపడేది

గుండె జబ్బు నలభై ఏళ్లకు పుట్టేది కాదు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను కోసి చూసిన వైద్యులు 1953లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ సైనికుల సగటు వయసు 22. వారిలో 77 శాతం మంది గుండె నాళాల్లో కొవ్వు పేరుకున్న ఆనవాళ్లు అప్పటికే ఉన్నాయి. పైకి చూస్తే ఒక్కొక్కరూ ఉక్కులాంటి మనుషులు.

మన ఉపఖండం వాళ్లకు ఈ జబ్బు మరింత ముందుగా వస్తుంది. 52 దేశాల్లో దాదాపు 30 వేల మందిని పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెలువడింది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్యులు కూడా అందులో పాలుపంచుకున్నారు. దక్షిణాసియాలో మొదటి గుండెపోటు వచ్చిన వయసు నడిమికి 53 ఏళ్లు కాగా, మిగతా దేశాల్లో 59కి దగ్గరగా ఉంది. అంటే మనం ఐదారేళ్లు ముందున్నాం.

అదే అధ్యయనం ఒక ధైర్యం కూడా ఇచ్చింది. గుండెపోట్ల ముప్పులో మగవారిలో 90 శాతం, ఆడవారిలో 94 శాతం తొమ్మిది కారణాలతోనే వివరించవచ్చని తేల్చింది. పొగాకు, చెడు కొలెస్టరాల్, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, కూరగాయలూ పండ్లూ తక్కువ తినడం, కదలిక లేకపోవడం, మద్యం తీరు. ఈ తొమ్మిదింటిలో మన చేతిలో లేనిది ఏదీ లేదు.

మన ఊళ్లలో ఆ తొమ్మిదీ ఎలా కనిపిస్తాయి

పొగాకుతోనే మొదలుపెడదాం. షోలాపూర్‌లో స్థిరపడిన మన పద్మశాలీల ఇళ్లలో తరతరాలుగా మగవాళ్లు మగ్గం మీద, ఆడవాళ్లు బీడీల మీద బతికారు. బీడీ చిన్నది కదా, సిగరెట్ అంత హాని చేయదులే అనే నమ్మకం మన వాళ్లలో గట్టిగా పాతుకుపోయింది. అది నిజం కాదు. తునికాకులో చుట్టిన బీడీ ఆరిపోకుండా గట్టిగా, పదే పదే పీల్చాలి. నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ తక్కువేమీ లోపలికి పోవు. ఖైనీ, గుట్కా నమిలేవారికీ గుండెపోటు ముప్పు ఎక్కువే. రోజుకు ఒక్కటే కాలుస్తానని సర్దిచెప్పుకునేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. రోజుకు 20 సిగరెట్లు తాగేవారికి గుండె జబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒక్కటి తాగేవారికి దాదాపు అందులో సగం పెరుగుతుంది. తగ్గించడం మంచిదే, కానీ గుండెకు కావలసింది మానడం. మానిన ఏడాదికల్లా అదనపు ముప్పు సగానికి తగ్గిపోతుంది.

ఇక షుగర్, బీపీ. దేశవ్యాప్తంగా జరిపిన ఐసీఎంఆర్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని అంచనా ప్రకారం 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు. పెద్దవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా బీపీ ఉంది. ఈ రెండూ నొప్పి పెట్టవు. ముప్పై ఏళ్ల కుర్రవాడు వీటికోసం పరీక్ష చేయించుకోవాలని అనుకోడు. మొదటిసారి బీపీ చూసేది గుండెపోటు వచ్చిన రోజున ఆసుపత్రిలో అయితే, అప్పటికే ఆలస్యమైపోయినట్టు.

బరువు విషయంలో మన లెక్క వేరు. సన్నటి కాళ్లూ చేతులూ, ముందుకొచ్చిన పొట్ట మన శరీరాల తీరు. అందుకే బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలిస్తే మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదని భారతీయులకు ప్రత్యేకంగా హద్దు పెట్టారు. పాశ్చాత్యులకు పెట్టిన హద్దు కన్నా ఇది తక్కువ. పెళ్లినాటి ప్యాంటు పట్టకపోవడాన్ని మనం కలిసొచ్చిన కాలంగా తీసుకుంటాం. వైద్యుడు దాన్ని మరోలా చదువుతాడు.

తిండి సంగతి. ఎక్కడ స్థిరపడినా మనం ఆవకాయ జాడీని వదల్లేదు. వదలమని ఎవరూ అనరు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే చెంచాడు మించవద్దంటుంది. పచ్చడి, అప్పడం, వడియం, మజ్జిగ మిరపకాయ, సాంబారు ఒకే పూట కంచంలోకి వస్తే ఆ చెంచా అక్కడే నిండిపోతుంది. బరంపురం అప్పడాలకు ఎంత పేరున్నా వాటిని రోజూ వేయించుకోవడం గుండెకు మేలు కాదు. మరోవైపు మన ఊళ్లలోనే మంచి తిండి ఉంది. కోలారు, పావగడ వైపు రాగిముద్ద, పప్పుతో ఆకుకూర, షోలాపూర్ జొన్నరొట్టె ఇవన్నీ తెల్లన్నం కన్నా మేలు. అయితే రాగి అయినా జొన్న అయినా పిండిపదార్థమే కాబట్టి కొలత మరవకూడదు. కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, పావు వంతు అన్నమో ముద్దో అన్న లెక్క పెట్టుకుంటే గుర్తుంచుకోవడం తేలిక. ఒకసారి వేపుడుకు వాడిన నూనెను మళ్లీ మళ్లీ కాచకూడదు. వీధి చివర బజ్జీల బండి మీద జరిగేది అదే.

ఒత్తిడి, నిద్ర కూడా లెక్కలోకి వస్తాయి. బెంగళూరులో రాత్రి షిఫ్టు చేసే పిల్ల, భివండీ పవర్‌లూమ్‌లో పన్నెండు గంటలు నిలబడే తమ్ముడు, హోసూరు ఫ్యాక్టరీలో వారానికో షిఫ్టు మారే బావ, పగలూ రాత్రీ క్యాబ్ తోలే అన్న. వీళ్లలో ఏ ఒక్కరికీ సరైన నిద్ర లేదు, వేళకు తిండి లేదు. అలసట మీద టీ, టీ మీద సిగరెట్, రాత్రికి మందు. హాసన్ కమిటీ డ్రైవర్ల మాట ఎత్తడం వెనక ఉన్నదీ ఈ బతుకే. అందరూ ఉద్యోగం మానుకోలేరు. కానీ రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు గట్టిగా నడవడం, ఏ వేళ దొరికినా ఏడు గంటలు నిద్రపోవడం మాత్రం పోరాడి అయినా దక్కించుకోవలసినవి.

నెత్తురులో వచ్చేవి: మేనరికం మాట

ఇంతవరకూ చెప్పినవన్నీ అలవాట్లు. ఏ అలవాటూ లేని వాడికెందుకు వచ్చిందని అడిగే ప్రశ్నకు జవాబు ఎక్కువసార్లు వంశంలో ఉంటుంది. ఇది మన సముదాయాలు ప్రత్యేకంగా వినవలసిన భాగం.

పుట్టుకతోనే చెడు కొలెస్టరాల్, అంటే ఎల్‌డీఎల్, చాలా ఎక్కువగా ఉండే వంశపారంపర్య లోపం ఒకటుంది. సుమారు 250 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. నెయ్యి తినకపోయినా, సన్నగా ఉన్నా ఎల్‌డీఎల్ 190 దాటుతుంది. మడమ వెనక నరం దగ్గర, వేళ్ల కీళ్ల మీద గట్టి బొడిపెలు, చిన్న వయసులోనే కనుగుడ్డు చుట్టూ తెల్లటి వలయం దీని గుర్తులు కావచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం వచ్చే అవకాశం ఉంది. ఇద్దరికీ ఉంటే నలుగురిలో ఒకరికి రెండు వైపుల నుంచీ రావచ్చు. అలా వచ్చిన పిల్లలకు బడి వయసులోనే గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది.

మేనమామను, మేనబావను చేసుకోవడం మన ఇళ్లలో పాత ఆచారం. పరాయి రాష్ట్రంలో కొద్ది కుటుంబాలుగా ఉన్నప్పుడు సంబంధాలు దొరక్క అది ఇంకాస్త గట్టిపడింది కూడా. ఒకే తాతకు మనవడూ మనవరాలూ పెళ్లాడితే ఆ తాతలోని లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇది ఎవరినీ నిందించడానికి కాదు. అయిపోయిన పెళ్లిళ్లను తప్పుపట్టి లాభం లేదు. మేనరికం ఉన్న ఇంట్లో ఒకరికి చిన్న వయసులో గుండెపోటు వస్తే, మిగిలినవాళ్లంతా, పిల్లలతో సహా, రక్తపరీక్ష చేయించుకోవాలన్నదే ఇందులో సారం.

ఎల్‌పీ లిటిల్ ఏ అనే మరో కొవ్వు కణం ఉంది. దాని మోతాదు చాలావరకు పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది. మన ఉపఖండం వాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మామూలు కొలెస్టరాల్ పరీక్షలో రాదు, విడిగా అడిగి చేయించాలి. జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. 2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఇచ్చిన మార్గదర్శకాలు ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష ఒకసారైనా చేయించమన్నాయి. 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు ఎక్కువని, మిగతా కారణాలను మరింత గట్టిగా అదుపులో పెట్టుకోవాలని అర్థం.

నాళాల జబ్బు కాక గుండె కండరానికే వచ్చే లోపాలూ ఉన్నాయి. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్ బృందం 2009లో వెల్లడించిన ఒక పరిశోధన ప్రకారం, గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన రూపం భారతీయుల్లో దాదాపు 4 శాతం మందిలో ఉంది. ఒక వైపు నుంచే వస్తే సాధారణంగా వయసు మళ్లేదాకా తేడా తెలియదు. రెండు వైపుల నుంచీ వస్తే జబ్బు తీవ్రంగా ఉంటుంది. పరుగెత్తుతూనో ఆడుతూనో స్పృహ తప్పి పడిపోయిన కుర్రవాడికి నిమ్మరసం ఇచ్చి కూర్చోబెట్టడం కాదు, ఎకో పరీక్ష చేయించాలి.

ఆడవాళ్లకు రాదనుకోవద్దు

గుండెపోటు మగవాళ్ల జబ్బు అన్న భావన వల్ల మన ఇళ్లలో ఆడవాళ్ల నొప్పి ఆఖరున లెక్కలోకి వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగినవాళ్లకు, షుగర్ వచ్చినవాళ్లకు, 40 రాకముందే ముట్లు ఆగిపోయినవాళ్లకు తర్వాతి రోజుల్లో గుండె జబ్బు ముప్పు ఎక్కువ. కాన్పు తర్వాత బీపీ తగ్గిపోయిందని ఆ కాగితాలు పారేయకూడదు. ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండాలి.

ఆడవాళ్లకు గుండెపోటులో ఛాతీ నొప్పి రావచ్చు. దానితోపాటు, లేదా అది లేకుండానే, ఆయాసం, దవడ నొప్పి, వెన్ను మధ్య బరువు, వాంతి, ఎన్నడూ లేని నీరసం కూడా రావచ్చు.

మరో జబ్బు ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది. చిన్నప్పుడు గొంతు నొప్పి, జ్వరం, కీళ్ల వాపు వచ్చి సరైన మందు పడకపోతే గుండె కవాటాలు చెడిపోతాయి. దీన్ని రుమాటిక్ గుండె జబ్బు అంటారు. చాలామంది ఆడపిల్లల్లో ఇది మొదటి కాన్పులో ఆయాసంగా బయటపడుతుంది. మూడు, నాలుగు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్‌ను వైద్యుడు చెప్పినన్నాళ్లు మానకుండా వేయించుకుంటే జబ్బు ముదరకుండా ఆపవచ్చు.

టీకా వల్లనా, జిమ్ వల్లనా?

కోవిడ్ టీకా వల్లే పడుచువాళ్లు పోతున్నారన్న మాట హాసన్ వార్తలప్పుడు మళ్లీ గట్టిగా వినిపించింది. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆధ్వర్యంలో ఐసీఎంఆర్ ఈ ప్రశ్న మీదే ఒక అధ్యయనం చేసింది. 19 రాష్ట్రాల్లోని 47 ఆసుపత్రుల నుంచి, 18 నుంచి 45 ఏళ్ల మధ్య హఠాత్తుగా చనిపోయినవారి వివరాలు సేకరించింది. టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదని 2023లో తేల్చింది. ముప్పు పెంచినవి వేరే ఉన్నాయి. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో హఠాన్మరణం జరిగి ఉండటం, చనిపోవడానికి 48 గంటల ముందు అతిగా మద్యం తాగడం, మత్తు పదార్థాలు, తీవ్రంగా శ్రమించడం వంటివి అందులో ఉన్నాయి.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, కుటుంబంలో హఠాన్మరణం. మన మాట మళ్లీ వంశం దగ్గరికే వచ్చింది. రెండోది, వ్యాయామం శత్రువు కాదు. పదేళ్లు కదలని మనిషి సంక్రాంతి తర్వాత జిమ్‌లో చేరి, మొదటి వారమే బరువులెత్తడం, ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ సూదులు వేయించుకోవడం ప్రమాదం. నడకతో మొదలుపెట్టి నెలల మీద పెంచుకుంటూ పోతే వ్యాయామాన్ని మించిన మందు లేదు. ముప్పై అయిదు దాటినవాళ్లు, ఇంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్లు జిమ్‌లో చేరే ముందు వైద్యుడిని కలవాలి.

గ్యాస్ అనుకున్న ఆ గంట

గుండెపోటులో పోయే ప్రతి నిమిషానికీ కొంత కండరం చచ్చిపోతుంది. చచ్చిన కండరం తిరిగి రాదు. అయినా మన ఇళ్లలో ఆ విలువైన గంట సోడా తాగించడంలో, వాము నమిలించడంలో, తైలం రాయడంలో గడిచిపోతుంది. ఛాతీ మధ్య బరువు పెట్టినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లటి చెమటలు, ఆయాసం పది, పదిహేను నిమిషాలు దాటి ఉంటే గ్యాస్ అవునా కాదా అని తేల్చాల్సింది మనం కాదు. వయసు 28 అయినా సరే.

చేయవలసింది ఇది. 108కి ఫోన్ చేయాలి. మన నాలుగు రాష్ట్రాల్లోనూ, యానాంలోనూ అదే నంబరు. మనిషిని నడిపించకూడదు, బండి నడపనివ్వకూడదు. ఆస్పిరిన్ నమలమని 108 సిబ్బంది లేదా వైద్యుడు చెబితే వెంటనే నమలాలి. ఆసుపత్రిలో పది నిమిషాల్లో ఈసీజీ తీయాలని అడగాలి. మొదటి ఈసీజీ బాగున్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయాలి. ఇంట్లో ఏ భాష మాట్లాడినా అక్కడ చెప్పాల్సిన మాట ఊరి భాషలో తడుముకోకుండా రావాలి. కన్నడంలో ఎదె నోవు, తమిళంలో నెంజు వలి, మరాఠీలో ఛాతీత దుఖతంయ్. తెలుగు తప్ప మరో భాష సరిగా రాని పెద్దమ్మకో, ఊరి నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికో ఈ ఒక్క మాట నేర్పిపెట్టాలి.

మనిషి స్పృహ తప్పి, ఊపిరి ఆగిపోతే అది గుండె నిలిచిపోవడం. అప్పుడు అంబులెన్సు వచ్చేదాకా చూస్తూ కూర్చోకూడదు. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కుతూనే ఉండాలి. దీన్నే సీపీఆర్ అంటారు. మన సంఘ భవనాల్లో ఉగాది వేడుకలకు వందల మంది చేరతాం. ఆ రోజు ఒక గంట సీపీఆర్ నేర్పించే ఏర్పాటు చేస్తే అంతకు మించిన కార్యక్రమం ఉండదు.

ఎక్కడికి వెళ్లాలో ముందే తెలిసి ఉండాలి. కర్ణాటకలో పునీత్ పేరు మీదే హృదయ జ్యోతి పథకం నడుస్తోంది. తాలూకా ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్ద ఆసుపత్రి నిపుణులు చూసి, అవసరమైతే రక్తపు గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షన్‌ను అక్కడే ఉచితంగా ఇప్పిస్తారు. తమిళనాడులో 2023లో మొదలైన ఇదయం కాప్పోం పథకం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే తొలి మోతాదు మాత్రలు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపుతారు. బీపీ, షుగర్ మందులు ఇంటికే తెచ్చిచ్చే మక్కళై తేడి మరుత్తువం పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన, ఒడిశాలో గోపబంధు జన ఆరోగ్య యోజన ఉన్నాయి. బరంపురం చుట్టుపక్కల వాళ్లకు ఎంకేసీజీ వైద్య కళాశాల పెద్ద దిక్కు. యానాం వాళ్లు కాకినాడ వెళ్తే పుదుచ్చేరి కార్డు అక్కడ ఏ ఆసుపత్రిలో పనికొస్తుందో ముందే అడిగి రాసిపెట్టుకోవాలి. సరిహద్దు దాటిన చోట కార్డు చెల్లుతుందా లేదా అన్న వాదనకు అర్ధరాత్రి సమయం ఉండదు.

ఈ ఆదివారం ఒక కాగితం

మన ఇళ్లలో ఎవరైనా నలభై అయిదేళ్లకే నిద్రలో పోతే, పుణ్యాత్ముడు, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్లిపోయాడని చెప్పుకుంటాం. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడంటాం, దిష్టి తగిలిందంటాం. మూడు తరాలు గడిచాక ఆ మాటే మిగులుతుంది, వయసు మిగలదు. ఇంటిపేరు, గోత్రం, ఏ ఊరి నుంచి ఏ కాలంలో వలస వచ్చామో దాచుకున్నాం. ఎవరు ఏ వయసులో ఎలా పోయారో దాచుకోలేదు. వైద్యుడికి కావలసింది సరిగ్గా అదే. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెపోటు వచ్చి ఉంటే మన ముప్పు ఎక్కువని లెక్క.

అందుకే ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఒక కాగితం రాద్దాం. అమ్మ వైపు, నాన్న వైపు తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, మేనమామలు, మేనత్తలు, పెదనాన్నలు, పిన్నులు. ఒక్కొక్కరి పేరు పక్కన ఉన్న జబ్బు, పోయిన వయసు, ఎలా పోయారన్నది. మేనరికం ఎక్కడ జరిగిందో ఒక గీత. వేరే రాష్ట్రంలో ఉన్న చుట్టాలకు ఫోన్ చేసి ఖాళీలు నింపాలి. ముసలివాళ్లు ఉండగానే ఈ పని కావాలి, వాళ్లతోపాటే ఈ లెక్కా పోతుంది.

ఆ కాగితం కింద ఇంట్లో 18 నిండిన ప్రతి ఒక్కరి పేరుకీ నాలుగు అంకెలు రాయాలి.

బీపీ: 120/80 లోపు ఉంటే మంచిది. 140/90 చేరితే వైద్యం కావాలి.

మూడు నెలల సగటు షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ: 5.7 లోపు ఉండాలి. 6.5 అయితే షుగర్ వచ్చినట్టే.

ఎల్‌డీఎల్: మామూలు మనిషికి 100 లోపు. గుండె జబ్బు, షుగర్ వంటివి ఉన్నవారికి హద్దు ఇంకా తక్కువ, అది వైద్యుడు చెబుతాడు. 190 దాటితే ఇంటిల్లిపాదికీ పరీక్ష.

నడుము కొలత: 90, 80.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. కొలెస్టరాల్ పరీక్షను మాత్రం అడిగి చేయించుకోవాల్సి రావచ్చు. 18 ఏళ్లకే మొదటిసారి చేయించమని కార్డియలాజికల్ సొసైటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఇంట్లో జబ్బు ఉంటే ఇంకా ముందే. మాత్ర వాడమని వైద్యుడు రాస్తే, అంకె తగ్గింది కదా అని సొంతంగా మానేయకూడదు. అంకె తగ్గింది మాత్ర వల్లే.

హాసన్ వార్తలప్పుడు ఆసుపత్రి ముందు బారులో నిలబడినవాళ్లను తప్పుపట్టలేం. భయం నిజమైనదే. మనకు భయం పుట్టేదాకా ఆగాల్సిన పని లేదు. ఒక కాగితం, ఒక టేపు, ఒక రక్తపరీక్ష, వాటితో మొదలుపెట్టవచ్చు. ఆ కాగితాన్ని పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు జాతకం పక్కన పెట్టుకునే రోజు వస్తే, మన మనవలకు మనమిచ్చే ఆస్తి అదే.